పార్లర్ కరెంటు బిల్లు: అపోహలు, వాస్తవాలు

విజయవాడలో పార్లర్ నడపబట్టి పన్నెండేళ్లు. ఎండాకాలం బిల్లు వచ్చిన రోజు మొదట మా పార్లర్‌లో పనిచేసే అమ్మాయిల మీదే అరిచేదాన్ని, "స్ట్రెయిట్‌నర్ ఆపకుండా వదిలేశారు, అందుకే ఇంత!" అని. ఒకరోజు కూర్చుని ఒక్కో మిషన్ వెనకున్న వాట్లు నోట్‌బుక్‌లోకి ఎక్కించి లెక్కకట్టాను. వాళ్లను ఊరికే అన్నానని అప్పుడు తెలిసింది.

అపోహ: స్ట్రెయిట్‌నర్, డ్రైయర్లే కరెంటు తాగేస్తాయి.

వాస్తవం: వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. 50 వాట్ల స్ట్రెయిట్‌నర్ గంటసేపు వాడినా యూనిట్‌లో ఇరవయ్యో వంతే. (కాలుతుందన్న భయంతోనైనా ఆపాల్సిందే, అది వేరే సంగతి.) 2000 వాట్ల డ్రైయర్ పావుగంటకు అర యూనిట్ తీసుకుంటుంది. పైగా దాని వేడంతా ఏసీ మోయాలి. ఒకటిన్నర టన్ను ఏసీ గదిలోంచి లాగగలిగే వేడిలో మూడో వంతుకు పైగా ఆ ఒక్క డ్రైయరే తెచ్చిపెడుతుంది. అందుకే టవల్‌తో తడి బాగా ఒత్తేశాకే డ్రైయర్ పట్టుకోమంటాను.

అపోహ: ఏసీ 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుంది.

వాస్తవం: ఇన్వర్టర్ రకం కాని ఏసీ 18లో పెట్టినా 24లో పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది. 18లో పెడితే కంప్రెసర్‌కు ఆగే వీలు దొరకదు, అంతే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24లో ఉండే సెట్టింగ్‌తోనే వస్తున్నాయి కూడా. మేం 25లో పెట్టి ఫ్యాన్ వేస్తాం.

మన పనిలో అసలు శత్రువు ఏసీ ఫిల్టర్‌లో ఉంటుంది. థ్రెడింగ్ పౌడర్, తెగిన వెంట్రుకలు, హెయిర్ స్ప్రే జిగురు అన్నీ అక్కడికే చేరతాయి. ఒకసారి నెలన్నర మర్చిపోయి తీస్తే, బూడిదరంగు దుప్పటి ముక్కలా ఆ పొర ఒకే తునకగా ఊడొచ్చింది. గాలి ఎలా ఆడుతుంది చెప్పండి! మంగళవారం బేరం తక్కువ కాబట్టి ఇప్పుడు ప్రతి మంగళవారం పొద్దున్నే ఫిల్టర్ కడుగుతున్నాం.

అపోహ: గీజర్ మాటిమాటికీ వేసి తీసేకన్నా రోజంతా ఉంచితేనే ఆదా.

వాస్తవం: వాడకపోయినా ట్యాంక్ వేడి వదులుతూనే ఉంటుంది, మళ్లీ కాగుతూనే ఉంటుంది. 15 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు కాగడానికి 0.6 యూనిట్ చాలు. 2000 వాట్ల గీజర్‌కు అది ఇరవై నిమిషాల పని. హెయిర్ వాష్ ఉందంటే ముందు వేసి, నీళ్లు కాగాక ఆపేయండి.

అపోహ: ఎగ్జాస్ట్ ఆపితే చల్లదనం, కరెంటు రెండూ మిగులుతాయి.

వాస్తవం: దీనికి మాత్రం ఒప్పుకోను. జుట్టు నున్నగా చేసే కొన్ని కెరటిన్ మందులు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ అనే హాని చేసే వాయువు వదులుతాయి. రోజూ ఆ గాలి పీల్చేది మన అమ్మాయిలు. ఆ ఫ్యాన్ 40 వాట్లో ఎంతో, ఎంతైనా తిరగనివ్వండి.

అపోహ: ప్లగ్‌లో పెట్టే పవర్ సేవర్ బిల్లు తగ్గిస్తుంది.

వాస్తవం: ఒకాయన వచ్చి అమ్మితే నేనూ కొన్నాను. మన చిన్న కనెక్షన్ల మీటర్ లెక్కించే యూనిట్లు దానివల్ల తగ్గవు. ఆ డబ్బు అద్దం చుట్టూ ఉన్న బల్బులకు పెట్టండి. పది 40 వాట్ల పాత బల్బుల పని పది 5 వాట్ల ఎల్‌ఈడీలు చేస్తాయి. సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నవి అడిగి తీసుకోండి, మేకప్ రంగు తేడా కనబడదు.

చివరగా బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ (మన కనెక్షన్‌కు రాయించుకున్న కిలోవాట్లు) చూడండి. కమర్షియల్ కనెక్షన్‌కు ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు ఇంతని పడుతుంది, షాపు మూసినా సరే. వాడకం తగ్గాక కూడా పాత లోడే ఉంటే, తగ్గించమని కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టుకోండి.