హైదరాబాద్ – దుబాయ్ విమానం: గంటల లెక్కలో అపోహలు, వాస్తవాలు

విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం నింపాలి అని లెక్కగట్టే ఫ్లైట్ డిస్పాచర్‌ని నేను. ఉద్యోగం ఏమిటో చెప్పగానే చుట్టాల ప్రశ్నలన్నీ దుబాయ్ మీదికే వెళ్తాయి.

అపోహ: టికెట్ మీది రెండు సమయాల మధ్య తేడాయే ప్రయాణ సమయం.

ఉదయం 10:20కి బయల్దేరి మధ్యాహ్నం 12:30కి చేరుతుందని ఉంటే, రెండు గంటల పది నిమిషాలే కదా అనుకుంటారు. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుంది కాబట్టి అసలు ప్రయాణం 3 గంటల 40 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో ఆ గంటన్నర తీసేయాలి. రాత్రి 10కి అక్కడ బయల్దేరి 2:50కి శంషాబాద్‌లో దిగితే పట్టింది 3 గంటల 20 నిమిషాలే. అప్పటికి తేదీ మారిపోతుంది. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

అపోహ: భూమి తూర్పుకు తిరుగుతోంది కనుక దుబాయే మనకు ఎదురొస్తుంది, వెళ్లడం త్వరగా అయిపోవాలి.

బాగా చదువుకున్నవాళ్లే ఇలా వాదిస్తారు. భూమితో పాటు దాన్ని అంటిపెట్టుకున్న గాలీ తిరుగుతుంది, విమానం ఎగిరేది ఆ గాలిలోనే. తేడా తెచ్చేది వీచే గాలి. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా పడమటి జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వేగంగా సాగే గాలి ప్రవాహం, బలంగా వీస్తుంది, దాని ప్రభావం మన దారి దాకా ఉంటుంది. రెండు విమానాశ్రయాల మధ్య నేరు దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 840, ఎదురుగాలి 80 అనుకోండి: నేల మీద లెక్కకు వచ్చేది 760, అంటే 3 గంటల 20 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 920, రెండు ముప్పావు గంటలు. మా ఫ్లైట్ ప్లాన్ కాగితంలో ఇది ఒక్క అక్షరంలో కనిపిస్తుంది: గాలి అంకె ముందు ‘ఎం’ ఉంటే ఎదురుగాలి, ‘పి’ ఉంటే అనుకూలం. నేను ముందు చూసేది దాన్నే.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. దక్షిణ భారతం మీద పై గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. ఈ తూర్పు జెట్ స్ట్రీమ్ గురించి 1958లో పరిశోధన పత్రం రాసింది మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. జులైలో దుబాయ్ వెళ్లేవాళ్లకు ఆ గాలి కలిసొస్తుంది, వచ్చేవాళ్లకు ఎదురవుతుంది.

అపోహ: ఢిల్లీ నుంచైతే దగ్గర, కాబట్టి తప్పకుండా త్వరగా చేరతాం.

దగ్గరే, సుమారు 2,185 కిలోమీటర్లు. కానీ ఆ నేరు దారి పాకిస్తాన్ మీదుగా పోతుంది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ ఎయిర్‌లైన్స్‌కు మూసేశాక మన విమానాలు దక్షిణంగా గుజరాత్ వైపు మళ్లి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. హైదరాబాద్ దారి ఎలాగూ ముంబయి వైపు నుంచి సముద్రం దాటి ఒమన్ మీదుగా వెళ్లేదే, దానికి ఆ బెడద లేదు.

అపోహ: ఆలస్యంగా బయల్దేరితే పైలట్ వేగం పెంచి సర్దేస్తాడు.

ఎయిర్‌బస్ ఎ320 మామూలుగా ధ్వని వేగంలో 78 శాతంతో వెళ్తుంది, దాని గరిష్ఠ పరిమితి 82 శాతం. ఇంధనం ధారపోసినా ఈ దూరంలో మిగిలేవి కొద్ది నిమిషాలే. ఆలస్యంగా బయల్దేరి కూడా సమయానికి దిగారంటే, రన్‌వే దగ్గర వరుసలో ఆగాల్సి వస్తుందని టైమ్‌టేబుల్‌లో ముందే కలిపిన నిమిషాలు మిగిలిపోయి ఉంటాయి.