క్యాస్, క్లబ్బులు, సర్టిఫికెట్లు: కాలేజీ యాక్టివిటీల మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న ఒక ఇంటర్నేషనల్ కాలేజీలో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లల యాక్టివిటీలు చూసుకోవడం నా ఉద్యోగం. మా దగ్గర ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా వాళ్లూ ఉన్నారు, కేంబ్రిడ్జ్ ఏ లెవెల్ వాళ్లూ ఉన్నారు. రెండూ మన ఇంటర్‌లాంటి విదేశీ కోర్సులే. "అంటే డాన్సులు అవీ నేర్పిస్తావా?" అని చుట్టాలు అడుగుతుంటారు. వాళ్ల సంగతి సరే. లక్షల్లో ఫీజు కట్టే తల్లిదండ్రులకు, ఆ మాటకొస్తే కొందరు టీచర్లకు కూడా ఉన్న అపోహలు మాత్రం పిల్లల సాయంత్రాలను మింగేస్తున్నాయి. అవే రాస్తున్నాను.

అపోహ: ఎన్ని సర్టిఫికెట్లు ఉంటే ప్రొఫైల్ అంత బలం

జులైలో జరిగే మొదటి పేరెంట్స్ మీటింగ్‌కి ఎవరో ఒకరు లావుపాటి ప్లాస్టిక్ ఫైలుతో వస్తారు. ఒలింపియాడ్, అబాకస్, కరాటే ఎల్లో బెల్ట్, రెండు రోజుల ఏఐ వర్క్‌షాప్, నాలుగైదు ఎంయూఎన్‌లు (ఐక్యరాజ్యసమితి సమావేశాల్లా పిల్లలు జరుపుకునే చర్చలు). "ఇవన్నీ ఎక్కడ అప్‌లోడ్ చేయాలి మేడమ్?" అని అడుగుతారు.

ఎక్కడా చేయక్కర్లేదు. అమెరికాలో చాలా కాలేజీలు వాడే ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్‌లో యాక్టివిటీలకు 10 గడులే ఉంటాయి. ఒక్కోదాన్ని వివరించడానికి 150 క్యారెక్టర్లు ఇస్తారు, ఖాళీలతో కలిపి. ఆ గడిలో సర్టిఫికెట్ పెట్టే చోటు లేదు. అడిగేది ఏమిటంటే, వారానికి ఎన్ని గంటలు చేశావు, ఏడాదికి ఎన్ని వారాలు చేశావు అని. రెండు రోజుల వర్క్‌షాప్ అక్కడికొచ్చేసరికి ఏడాదికి ఒక్క వారం అయిపోతుంది. ఫైల్లో మెరిసిన కాగితం గడిలో వెలవెలబోతుంది.

ఇంగ్లండ్ లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడి యూనివర్సిటీలకు అప్లికేషన్లు తీసుకునే యూకాస్, తన పర్సనల్ స్టేట్‌మెంట్‌ను (విద్యార్థి తన గురించి రాసుకునేది) 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. మొత్తం కలిపి 4,000 క్యారెక్టర్లు. మొదటి రెండు ప్రశ్నలూ ఈ కోర్సే ఎందుకు, నీ చదువు దానికెలా సిద్ధం చేసింది అనే. చదువు బయట చేసిన పనుల సంగతి మూడో ప్రశ్నలో వస్తుంది. ఇక జేఈఈ, ఎప్‌సెట్ ర్యాంకులకు మా క్లబ్బులతో పనే లేదు. ఆ మాట అడ్మిషన్ రోజునే చెప్పేస్తాను. కొందరికి కోపం వస్తుంది, కొందరు ఊపిరి పీల్చుకుంటారు.

అపోహ: క్యాస్ అంటే గంటలు నింపడం

ఐబీ పిల్లలకు క్యాస్ అని ఒకటుంటుంది. సృజనాత్మకత, శారీరక శ్రమ, సేవ ఈ మూడూ కలిసినది. ఒకప్పుడు దీనికి 150 గంటల లెక్క ఉండేది. ఆ లెక్క పోయి చాలా ఏళ్లయినా, అన్నయ్యలూ అక్కయ్యలూ చెప్పిన మాట మాత్రం పోలేదు. "మేడమ్, నాకింకా ఎన్ని గంటలు కావాలి?" అని ఇప్పటికీ అడుగుతారు.

ఇప్పుడు చూసేది ఏడు లెర్నింగ్ అవుట్‌కమ్స్ (నేర్చుకోవాల్సిన అంశాలు) సాధించారా లేదా అని. కనీసం 18 నెలలపాటు క్రమం తప్పకుండా సాగాలి. ఒక నెలకు తగ్గని ప్రాజెక్టు ఒక్కటైనా ఉండాలి. కోఆర్డినేటర్‌తో మూడుసార్లు ఇంటర్వ్యూ ఉంటుంది. డిప్లొమాలోని 45 పాయింట్లలో క్యాస్‌కి ఒక్క పాయింటూ లేదు. కానీ క్యాస్ పూర్తికాకపోతే సబ్జెక్టుల్లో ఎన్ని పాయింట్లొచ్చినా డిప్లొమా చేతికి రాదు. ఈ రెండో వాక్యం చెప్పగానే వెనక బెంచీలో ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోతాయి.

అసలు చిక్కు రిఫ్లెక్షన్ల దగ్గర. చేసిన పని గురించి పిల్లలు రాసుకోవాలి. "నాయకత్వం, టీమ్‌వర్క్ నేర్చుకున్నాను" అని కుప్పలు తెప్పలుగా వస్తాయి. చాట్‌జీపీటీ రాసినది రెండో లైన్లోనే దొరికిపోతుంది, ఏ పదిహేడేళ్ల పిల్లాడూ అంత నున్నగా రాయడు. అందుకే రాయడం ఇష్టం లేనివాళ్లను వాయిస్ నోట్ పంపమంటాను. ఐబీ వ్యాసమే కావాలని పట్టుబట్టదు, ఫోటో, బొమ్మ, ఆడియో ఏదైనా పెట్టొచ్చు. ఫుట్‌బాల్ ఆడే ఒక కుర్రాడు బస్సులో కూర్చుని పంపిన ఒకటిన్నర నిమిషం తిట్ల పురాణం (సబ్‌స్టిట్యూట్‌గా కూర్చోబెట్టారని) నేను విన్న మంచి రిఫ్లెక్షన్లలో ఒకటి. సగం దూరం వచ్చాక "నిజానికి నేను ప్రాక్టీసుకే రాలేదు కదా" అని వాడే అన్నాడు.

అపోహ: సేవ అంటే పళ్లు పంచి ఫోటో దిగడం

దీని మీద నాకు కాస్త గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. పుట్టినరోజు నాడు ఆశ్రమానికి వెళ్లి అరటిపళ్లు, బిస్కెట్లు పంచడం తప్పని అనను. ఇళ్లల్లో ఎప్పట్నుంచో ఉన్న ఆచారం. దాన్ని కాలేజీ ప్రోగ్రామ్ అనడమే నాకు నచ్చదు.

మేం ఒక సర్కారు బడికి పిల్లల్ని పంపుతాం, స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పడానికి. మొదట్లో ఏ వారం ఎవరికి వీలైతే వాళ్లు బస్సెక్కేవారు. ఒకరోజు ఐదో తరగతి పిల్ల మావాళ్లను నిలబెట్టి అడిగింది: "పోయిన వారం అక్క సగంల ఆపిన కథ ఇప్పుడెవరు చెప్తరు?" ఆ అక్క ఆ రోజు ఎంయూఎన్‌కి పోయింది. మావాళ్లెవరికీ ఆ కథ ఏదో కూడా తెలియదు.

ఇప్పుడు ఒక తరగతికి నలుగురు, ఏడాదంతా ఆ నలుగురే. రాలేకపోతే ముందు రోజే ఆ బడి టీచరమ్మకు ఫోన్ చేయాలి, నాకు కాదు. ఏం చెప్పాలో హెడ్‌మాస్టర్‌ను అడిగి రాసుకుంటాం, ఎందుకంటే ఆయనకు కావాల్సింది మా పిల్లలు తయారుచేసిన పవర్‌పాయింట్ కాదు, రీడింగ్ కార్డులు పట్టుకుని ఒక్కో పిల్ల పక్కన కూర్చునే మనిషి. మావాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇద్దరు ముగ్గురికి ఆ ఐదో తరగతి పిల్లలే గుణింతాలు దిద్దబెట్టారు, ఒత్తులు తప్పు రాస్తే పడీ పడీ నవ్వారు. "ఇది క్యాస్‌లో రాసుకోవచ్చా?" అని ఒకమ్మాయి బిడియంగా అడిగింది. మొట్టమొదట రాయాల్సింది అదే అన్నాను.

ఇంకో మాట. ప్రతి ఏడూ ఎవరో ఒకరు రక్తదాన శిబిరం పెడదామంటారు. మన దేశంలో 18 ఏళ్లు నిండనిదే రక్తం ఇవ్వకూడదు. అంటే మా క్లాసులో ముప్పావు మంది టెంట్లు కట్టొచ్చు, జ్యూస్ అందించొచ్చు, అంతే. బ్లడ్ బ్యాంకుతో మాట్లాడటం, దాతలను పోగేయడం మీవల్ల అవుతుందా అని అడిగితే ఉత్సాహం ఎంత నిజమో తెలిసిపోతుంది.

అపోహ: ఇవన్నీ పెట్టుకుంటే మార్కులు పోతాయి

ఇందులో కొంత నిజముంది. పూర్తిగా కొట్టిపారేసే కోఆర్డినేటర్లను నేను నమ్మను. పోయేది యాక్టివిటీ వల్ల కాదు, వేళ కాని వేళలో పెట్టినందువల్ల. పన్నెండో తరగతిలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు అక్టోబర్ 15 గడువు, అమెరికా ఎర్లీ అప్లికేషన్లు చాలావాటికి నవంబర్ 1. అదే సమయంలో ఇంటర్నల్ అసెస్‌మెంట్లు (మార్కుల్లో కలిసే సబ్జెక్టు ప్రాజెక్టులు) నెత్తి మీద ఉంటాయి, మేలో ఫైనల్ పరీక్షలు. ఆ మధ్యలో కాలేజీ ఫెస్ట్ పెట్టి, సీనియర్లనే కమిటీలో వేసి, స్పాన్సర్ల కోసం మాదాపూర్ అంతా తిప్పితే టెన్షన్ కాక ఏమవుతుంది? ఆగస్టులో మొదలుపెడితే పన్నెండో తరగతి జనవరి చివరికి క్యాస్ 18 నెలలు నిండుతాయి. బరువంతా పదకొండులోనే మోయిస్తే ఆఖర్లో నిర్వహణ చిన్నవాళ్లకు అప్పగించి పెద్దవాళ్లు తప్పుకోవచ్చు.

ఫెస్ట్ గురించి ఒక్క ముక్క: ఏడాదికి ఒకటి చాలు. లౌడ్‌స్పీకర్లు రాత్రి 10కి ఆపాల్సిందే, అది చట్టం. డీజే కోసం ఏడ్చినా ఇంతే.

అపోహ: స్టేజీ ఎక్కని పిల్లలు వెనకబడతారు

మా థియేటర్ క్లబ్‌లో లైట్లు చూసే అబ్బాయి రెండేళ్లలో ఒక్క డైలాగూ చెప్పలేదు. అతను రాని రోజు రిహార్సల్ జరగదు.

అపోహ: బతుకమ్మ పెట్టి, ఫారిన్ పిల్లలకు చీర కడితే ఇంటర్నేషనల్ అయిపోయినట్టే

బతుకమ్మ మొదలయ్యేది మహాలయ అమావాస్య నాడు. అప్పటికి దసరా సెలవులిచ్చేస్తాం. అందుకని కాలేజీలన్నీ సెలవులకు ముందే ఆడేస్తాయి. "పితృపక్షంలో బతుకమ్మేంటమ్మా?" అని ఏటా ఏదో ఒక ఇంటి అమ్మమ్మ ఫోన్ చేస్తుంది. ఆమె అన్నదీ నిజమే. నేను దండం పెట్టి ఊరుకుంటాను.

ఫోటోలకు చీరలు కట్టించి చుట్టూ తిప్పితే అరగంటలో అయిపోతుంది. మేం పొద్దున్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి తీసుకెళ్తాం. బంతి ఎక్కడైనా దొరుకుతుంది, తంగేడు, గునుగు అడిగి పట్టుకోవాలి. తర్వాత పళ్లెం ముందు కూర్చుని వరసలు పేర్చడం. గునుగు కాడలు సమానంగా కత్తిరించకపోతే మూడో వరసకే ఒరుగుతుంది. నాన్న ఉద్యోగం కోసం సియోల్ నుంచి వచ్చిన అమ్మాయి, అమెరికాలో పుట్టి తిరిగొచ్చిన కరీంనగర్ వాళ్ల అమ్మాయి, ఇద్దరూ ఒకేలా తడబడ్డారు. వంటగదిలో పనిచేసే ఆయమ్మ వచ్చి ఇద్దరి చేతుల్లోంచీ తీసుకుని మళ్లీ మొదటి వరస నుంచి పేర్పించింది.

అలా ఊరు పట్టుకుని చేసేవే నిలుస్తున్నాయి. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అక్కడికి శీతాకాలంలో వలస పక్షులొస్తాయి. చెరువు ఒడ్డున ఒకే చోట నిలబడి, రెండు వారాలకోసారి పక్షుల్ని లెక్కపెట్టి ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదుచేసే వెబ్‌సైట్) ఎక్కించే గుంపు ఒకటుంది మాకు. మొదటి నెల బోరు అన్నారు. రెండో నెల ఇద్దరు మానేశారు. మిగిలినవాళ్లు ఇప్పుడు గుడ్డికొంగకీ వేరే కొంగలకీ తేడా నాకే చెప్తున్నారు.

అపోహ: ఎక్కువ క్లబ్బులున్న కాలేజీయే మంచిది

బ్రోషర్‌లో ఎన్నయినా అచ్చు వేయొచ్చు. ఆగస్టులో క్లబ్ ఫెయిర్ రోజు ప్రతి బల్ల దగ్గరా పేర్లు రాయించుకుంటారు, సంక్రాంతి తర్వాత సగం క్లబ్బులు కలుసుకోవు. అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఫిబ్రవరిలో నడిచిన క్లబ్బులు ఏవి? వాటిని చూసే టీచరుకు టైమ్‌టేబుల్‌లో ఆ పీరియడ్ ఖాళీ ఇచ్చారా, లేక ఆయన మిగిలిన ఓపికతో చేస్తున్నారా? బయటికి తీసుకెళ్లేటప్పుడు ఎంతమందికి ఒక పెద్ద తోడు వెళ్తారు, ఫస్ట్ ఎయిడ్ వచ్చినవాళ్లు అందులో ఉంటారా?

అన్నిటికన్నా ముందు, సాయంత్రం లేట్ బస్ ఉందా, ఏ రోజుల్లో, ఏ రూటులో? ఎల్బీ నగర్, సికింద్రాబాద్ వైపు బస్సు లేకపోతే కారూ డ్రైవరూ ఉన్న ఇళ్ల పిల్లలే ప్రాక్టీసుకి ఉంటారు, మిగతావాళ్లు మూడున్నరకే ఇంటికి బయల్దేరతారు. మా దగ్గర మంగళ, గురువారాల్లో ఐదున్నరకు బస్సు మొదలుపెట్టాక బాస్కెట్‌బాల్‌కి వచ్చే అమ్మాయిల సంఖ్య ఎందుకు పెరిగిందో కనుక్కోవడానికి పెద్ద సర్వే ఏమీ చేయాల్సిన పని పడలేదు. ఈ ఏడు శుక్రవారం కూడా కావాలని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో ఇంకా బేరం నడుస్తోంది.