కాలవలో పోయిన తమ్ముడు

మా పక్కింటి కుర్రాడు కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం ఏడాదిగా పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. తెల్లారి ఐదింటికల్లా విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో ఉంటాడు. ఒకరోజు 1600 మీటర్లు పూర్తిచేసి ఆగగానే కళ్లు తిరిగాయట. ఈసీజీ తీయిస్తే కాగితం మీద మిషనే అచ్చేసింది, ‘అబ్నార్మల్’ అని. వాళ్లమ్మకి ఆ పూట అన్నం సయించలేదు.

మిషన్ని తిట్టుకుని లాభం లేదు. అది నేర్చుకున్నది మామూలు మనుషుల గుండె. రోజూ పరిగెత్తేవాడి గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి తీరిగ్గా కొట్టుకుంటుంది. వీడి నాడి నిమిషానికి 46. కండ కాస్త బలిసి గీతలు కూడా ఎత్తుగా పడతాయి. స్వీడన్ వైద్యుడు హెన్షెన్ 1899లోనే, ఎక్స్‌రే జోలికి పోకుండా, స్కీ పందేలవాళ్ల ఛాతీ మీద వేళ్లతో తట్టి వాళ్ల గుండె పెద్దదని పసిగట్టాడు.

చిక్కేమిటంటే, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అనే జబ్బులోనూ కండ బలుస్తుంది. సుమారు 500 మందిలో ఒకరికి ఉండే జబ్బు ఇది. ఎకోలో, అంటే గుండె స్కానింగులో, ఎడమ జఠరిక (గుండెలో ఎడమవైపు కింది గది) గోడ 12 మిల్లీమీటర్ల లోపుంటే నిశ్చింత, 15 దాటితే అనుమానం గట్టిది. మధ్యలో ఉన్నవాణ్ణి కొన్ని నెలలు పరుగు మాన్పించి మళ్లీ కొలుస్తారు. సాధనతో బలిసిన కండ తగ్గుతుంది, జబ్బుతో బలిసింది తగ్గదు. మనవాడిది 11.

ఇటలీ 1982లో క్రీడాకారులకు ఈసీజీ తప్పనిసరి చేసింది. ఆ తర్వాత వెనెటో ప్రాంతంలో ఆటగాళ్ల హఠాన్మరణాలు 89 శాతం తగ్గాయని లెక్క తేలింది. ఇజ్రాయెల్ కూడా 1997 నుంచి అలాంటి నియమమే పెడితే అక్కడ తేడా కనిపించలేదు. ఫుట్‌బాల్ ఆటగాడు మువాంబా అంతకుముందు చాలాసార్లు పరీక్షలు చేయించుకున్నవాడే. 2012లో మైదానంలో కూలిపోతే గుండె 78 నిమిషాలు ఆగింది, అయినా బతికాడు. ఈసీజీ ఉండాల్సిందేనని నా అభిప్రాయం. కానీ అది రెండో పరీక్ష. మొదటిది, ఇంట్లోవాళ్లని అడిగే ప్రశ్న.

డాక్టరు అదే అడిగాడు: “మీవాళ్లలో చిన్నవయసులో ఉన్నట్టుండి ఎవరైనా పోయారా?”

“అబ్బే, గుండెజబ్బు మా ఇంటావంటా లేదండీ” అంది తల్లి.

కాసేపాగి అమ్మమ్మ అందుకుంది. “మా తమ్ముడు పోయాడు గానీ, అది గుండె కాదులెండి. బందరు కాలవలో మునిగిపోయాడు.”

“ఈత రాదా?”

“వాడికా! ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేపలా పోయేవాడు.”

డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. లాంగ్ క్యూటీ అనే వంశపారంపర్య లోపంలో గుండె ప్రతి దెబ్బ తర్వాత మళ్లీ సిద్ధం కావడానికి ఆలస్యం చేస్తుంది. అందులో ఒక రకాన్ని ఈతే రెచ్చగొడుతుంది. నీళ్లలో లయ తప్పి స్పృహ పోతే, చూసేవాళ్లకి మునిగిపోయినట్టే ఉంటుంది. అందుకే ఇళ్లలో ఈ మరణాలు గుండె ఖాతాలో పడవు. ‘నిద్రలో పోయాడు’, ‘మూర్ఛ’, ‘గాలి సోకింది’ అని చెప్పుకుంటారు.

ఈసీజీ మళ్లీ తీసి స్కేలుతో కొలిచాడు. కుర్రాడి క్యూటీ, అంటే గుండె కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే వ్యవధి, సరిగానే ఉంది. తల్లికీ అమ్మమ్మకీ కూడా తీయించమన్నాడు.

“ఆయనకి పిల్లలున్నారా మామ్మగారూ?”

“పెళ్లి కాలేదు నాయనా, పద్దెనిమిదేళ్లు వాడికి” అందామె. కాసేపటికి మళ్లీ, “అయితే మావాడు మునిగి పోలేదంటారా?”