పండుగ పూట ఆస్పత్రిలో ఎవరూ ఉండరట! ఒక క్యాజువాలిటీ నర్సు రాస్తున్న అపోహలు - వాస్తవాలు

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే మా ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: రోస్టర్ వేశారా? అత్తయ్య అడుగుతుంది, పిల్లలు అడుగుతారు, ఖమ్మం నుంచి మా అన్నయ్య ఫోన్ చేసి మరీ అడుగుతాడు. మా ఇంటి క్రిస్మస్ ఏ రోజో తేల్చేది మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ నోటీసు బోర్డుకి అంటించే ఆ ఒక్క కాగితమే. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి క్యాజువాలిటీలో, అంటే ఎమర్జెన్సీ విభాగంలో, స్టాఫ్ నర్సుని. పండుగలకి, ఆస్పత్రులకి ముడిపెట్టి జనం చెప్పుకునే మాటలు ఏటా వింటూనే ఉంటాను. కొన్ని నవ్వుకుని వదిలేసేవి. ఒకటి మాత్రం ప్రాణాల మీదకి తెస్తోంది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: పండుగ రోజు డాక్టర్లు ఉండరు, ఉన్నా కొత్త పిల్లలే ఉంటారు, పండుగ దాటాక వెళ్దాం

ఈ మాట ఎక్కడ పుట్టిందో నాకు అర్థమవుతుంది. 25న చాలా చోట్ల ఓపీ ఉండదు, ఉన్నా సగం గదులకి తాళాలు ఉంటాయి, తెలంగాణలో 26 కూడా సర్కారు సెలవే. ముందుగా తేదీ పెట్టుకున్న ఆపరేషన్లు పండుగ తర్వాతకి జరుపుతారు. ఎవరో ఒకరు మోకాలి నొప్పి చూపించుకుందామని వచ్చి ఖాళీ కుర్చీలు చూసి వెనక్కి వెళ్తారు, సాయంత్రానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులో "ఆస్పత్రిలో ఎవరూ లేరు" అని మెసేజ్. అయ్యా, మీరు చూసింది ఓపీ. క్యాజువాలిటీ తలుపు వేరే వైపు ఉంటుంది, దానికి తాళం వేసే పనే ఉండదు. డ్యూటీ డాక్టర్, నర్సులు, ల్యాబ్, ఈసీజీ, సీటీ స్కాన్ అన్నీ షిఫ్టుల మీద నడుస్తూనే ఉంటాయి. కార్డియాలజిస్టు ఆన్ కాల్‌లో ఉంటారు. అంటే ఇంట్లో బిర్యానీ తింటూ ఉండొచ్చు, కానీ ఫోన్ పక్కనే ఉంటుంది, మూసుకున్న గుండె రక్తనాళాలు తెరిచే క్యాత్ ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్ కూడా అంతే. పిలుపు వెళ్ళిన అరగంటలో టీమ్ లోపల ఉండాలన్నది మామూలుగా అందరూ పెట్టుకునే లెక్క. పైగా పండుగకి ఇంటికి పంపించెయ్యమని అడిగి డిశ్చార్జ్ అయ్యేవాళ్ళు ముందు రోజే వెళ్ళిపోతారు కాబట్టి, మామూలు సోమవారం కంటే ఆ రోజే బెడ్ సులువుగా దొరికినా ఆశ్చర్యం లేదు.

కొన్ని పండుగలకైతే ఉన్నవాళ్ళు చాలక ఇంకా మందిని పెట్టుకుంటారు. దీపావళి రాత్రి మెహదీపట్నం సరోజినీ దేవి కంటి ఆస్పత్రికి టపాసుల దెబ్బలతో ఎంతమంది వస్తారో ఏటా మర్నాటి పేపర్లో చూస్తూనే ఉన్నాం కదా. సంక్రాంతికి మాంజా గాయాలు. పండుగ అంటే మాకు పని పెరిగే రోజు, డ్యూటీ ఎగ్గొట్టే రోజు ఎలా అవుతుంది?

కొన్నేళ్ళ కిందటి సంగతి చెప్తాను. 26 పొద్దున్నే ఒక పెద్దాయనని కారులో తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, ఆయాసం, నిన్న కట్టుకున్న కొత్త పంచెలోనే ఉన్నాడు. నొప్పి ఎప్పటి నుంచి అంటే నిన్న మధ్యాహ్నం భోజనం అయినప్పటి నుంచి అన్నారు. గ్యాస్ అనుకుని సోడా తాగించారట, గ్యాస్ బిళ్ళ వేశారట. బెంగళూరు నుంచి కూతురు, దుబాయ్ నుంచి కొడుకు, మనవలు, అందరూ ఒక్కచోట చేరిన రోజు, నా వల్ల పండుగ పాడు కాకూడదని నొప్పి ఎంతుందో ఆయన బయటపెట్టలేదు. ఆ కూతురు నాకు ఫోన్లో ఫొటో చూపించింది. అందరూ కేక్ చుట్టూ నవ్వుతున్నారు, ఆయన కూడా నవ్వుతున్నాడు, ఎడమ అరచెయ్యి మాత్రం చొక్కా రెండో గుండీ మీద నొక్కిపెట్టి ఉంది. ఈసీజీ తీసేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయిందని కనిపిస్తూనే ఉంది. "నిన్న వద్దామనే అన్నాను సిస్టర్, పండుగ రోజు ఎవరుంటారులే అన్నారు అందరూ" అని ఏడ్చింది ఆ అమ్మాయి. "నేనున్నానమ్మా నిన్న కూడా" అన్నాను. అనకుండా ఉండాల్సిందేమో, కానీ అదే నిజం, ఆ సాయంత్రం షిఫ్ట్ నాదే. ఆయన బతికారు. గుండె పంపింగ్ మాత్రం బాగా తగ్గిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

గుండె రక్తనాళం మూసుకుంటే కండరం నిమిషాల లెక్కన చచ్చిపోవడం మొదలవుతుంది. తొలి గంటల్లో తెరిస్తే చాలా మిగుల్తుంది, 12 గంటలు దాటాక కాపాడుకోగలిగింది బాగా తగ్గిపోతుంది. అందుకే ఛాతీ నొప్పి అని వచ్చినవాళ్ళకి 10 నిమిషాల్లో ఈసీజీ, పెద్ద అటాక్ అని తేలితే వచ్చిన 90 నిమిషాల్లోపు మూసుకున్న నాళాన్ని తెరిచే బెలూన్ అని మాకు గడియారం పెట్టి మరీ నేర్పిస్తారు. మేం లోపల నిమిషాలు లెక్కబెడుతుంటే మీరు బయట ఒక రాత్రి మొత్తం ఖర్చుపెట్టేస్తే ఇక చేసేదేముంది చెప్పండి.

పక్షవాతం కూడా ఇంతే. మూతి వంకరపోయినా, చెయ్యి పైకెత్తితే జారిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా ఉన్న టైము నాలుగున్నర గంటలు. అదీ ఆఖరుసారి మనిషి బాగున్నట్టు ఎవరు, ఎప్పుడు చూశారో అక్కణ్ణించి లెక్క. అందుకే "చర్చికి బయల్దేరేటప్పుడు బాగానే ఉన్నారా?" అని పోలీసుల్లాగా గుచ్చి గుచ్చి అడుగుతాం, విసుక్కోకండి. ఈలోపు నాలుక కింద బీపీ బిళ్ళ పెట్టడం, కొంచెం నీళ్ళు తాగించడం, కాసేపు పడుకోబెడితే సర్దుకుంటుందనడం, ఈ మూడూ మానేస్తే అదే పెద్ద సాయం. మింగలేని మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇది నా ఒక్కదాని గోల అనుకునేవాళ్ళకి ఇంకో మాట. స్వీడన్‌లో 1998 నుంచి 2013 దాకా వచ్చిన హార్ట్ ఎటాక్‌లన్నీ వరసపెట్టి చూసి 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో రాశారు. అన్నిటికంటే ఎక్కువ ముప్పు కనిపించింది క్రిస్మస్ ముందు రాత్రి, అదీ పది గంటల ప్రాంతంలో. మామూలు రోజుల మీద 37 శాతం ఎక్కువ. 75 దాటినవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో, అంతకుముందే గుండె జబ్బు ఉన్నవాళ్ళలో ఇంకా స్పష్టంగా కనిపించింది. వాళ్ళ చలి వేరు, మన చలి వేరు, ఆ అంకె హైదరాబాద్‌కి అలాగే అంటించమని నేను చెప్పను. కానీ ఆలోచించండి, ప్రయాణాలు, నిద్ర లేకపోవడం, ఉప్పు, కొవ్వు, మందు, ఇంట్లో పాత గొడవలు, చుట్టాల హడావుడిలో మర్చిపోయిన బిళ్ళలు, వీటిలో మన దగ్గర లేనిది ఏది?

భయపడేవాళ్ళ మీద నాకు కోపం లేదు. తీరా వెళ్తే గ్యాస్ అంటారేమో, అందరి ముందు పరువు పోతుందేమో, పండుగ పూట వేలు పోస్తామేమో అన్న టెన్షన్ నిజమైనదే. పరువేమీ పోదు. గ్యాస్ అని తేలి ఇంటికి వెళ్ళిన మనిషిని చూసి క్యాజువాలిటీలో ఎవరూ నవ్వుకోరు, మాకు ఆ షిఫ్టులో దొరికే కాస్త సంతోషం అదే. ఒక్క విషయం, మొదటి ఈసీజీ బాగుందనగానే లేచి వెళ్ళిపోకండి. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే రక్త పరీక్ష) చూసి, కొన్ని గంటల తర్వాత మళ్ళీ ఈసీజీ తీస్తామంటే ఉండండి, మొదటిదాంట్లో కనపడనిది రెండోదాంట్లో కనపడొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి నొప్పి సరిగ్గా ఛాతీలోనే రావాలని లేదు. దవడ లాగడం, ఊరికే చెమటలు, చెప్పలేని నీరసం కూడా కావచ్చు. బండి లేకపోతే 108కి చెయ్యండి, 2005లో మన హైదరాబాద్‌లో మొదలైన సర్వీసే, దానికీ పండుగ సెలవు లేదు.

అపోహ: క్రిస్మస్ 25నే చేసుకోవాలి, తర్వాత చేస్తే అది పండుగే కాదు

పైన చెప్పినదానికి మూలం ఇదే అని నా అనుమానం. ఆ ఒక్క రోజు చెడిపోతే అన్నీ చెడిపోయినట్టే అనుకోబట్టే నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంటారు. సువార్తల్లో ఎక్కడా యేసు పుట్టిన తేదీ లేదు. 25ని పండుగగా పాటించడం నాలుగో శతాబ్దంలో రోమ్‌లో కనిపిస్తుంది. ఆర్మేనియన్ చర్చి వాళ్ళు జనవరి 6న చేసుకుంటారు, రష్యా వాళ్ళు పాత క్యాలెండర్ లెక్కన 7న. చర్చి క్యాలెండర్‌లోనే క్రిస్మస్ కాలం ఎపిఫనీ పండుగ (జనవరి 6) దాకా నడుస్తుంది. అంటే ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యి వచ్చినా పండుగ మీకోసం ఇంకా అక్కడే ఉంటుంది.

మా ఇంట్లో పద్ధతి ఇది. నాకు నైట్స్ అయ్యాక ఆఫ్ ఏ రోజు పడితే ఆ రోజే క్రిస్మస్. 25న పిల్లలు వాళ్ళ నాన్నతో, నానమ్మతో చర్చికి వెళ్ళొస్తారు, అది ఆపను. కానీ కొత్త బట్టలు, బహుమతులు, బిర్యానీ, కేక్ కోయడం నేను ఉన్న రోజునే. అరిసెలు, కజ్జికాయలు అత్తయ్య ముందే చేసి డబ్బాల్లో పెడుతుంది, అవి నాలుగు రోజులు ఆగినా ఏమీ కావు, డబ్బా మూత మీద పిల్లల వేలిముద్రలు మాత్రం పెరుగుతుంటాయి. బాల్కనీలో స్టార్ మా కాలనీలో అందరికంటే ఆలస్యంగా దిగేది మాదే. మటన్ షాపు దగ్గర 25 నాటి క్యూ ఉండదు, మెదక్ చర్చి చూడ్డానికి వెళ్ళినా ఆ రోజు ఉండే తొక్కిడి ఉండదు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన చర్చి అది, 25న అక్కడికి జనం ఎలా వస్తారో వెళ్ళినవాళ్ళకి తెలుసు.

చిన్నోడు ఒకసారి పేచీ పెట్టాడు, యేసయ్య పుట్టినరోజు అయిపోయింది కదా, ఇప్పుడు కేక్ ఎందుకు అని. అత్తయ్య తడుముకోకుండా అంది: "జ్ఞానులు కూడా లేటుగానే వచ్చార్రా, బహుమతులు తెచ్చింది వాళ్ళే." మత్తయి సువార్త తీసి చూడండి, బాల యేసుని చూడ్డానికి తూర్పు నుంచి వచ్చిన ఆ జ్ఞానులు ఇంట్లోకి వచ్చారని ఉంటుంది, పశువుల పాక మాటే లేదు. వాడు ఇంకేం మాట్లాడలేదు.

నాలాంటి డ్యూటీ ఉన్నవాళ్ళకి ఒక సలహా. నైట్ దిగిన పొద్దునే పండుగ పెట్టుకోకండి. నిద్ర లేకుండా బండి నడపడం తాగి నడపడంతో సమానంగానే ప్రమాదం. పడుకుని లేచి, సాయంత్రం కానీ మర్నాడు కానీ పెట్టుకోండి. బయటి ఊరి నుంచి వచ్చేవాళ్ళకి తేదీ ముందే ఖాయం చేసి చెప్పండి, "చూద్దాంలే" అంటేనే మనస్పర్థలు వచ్చేది.

అపోహ: క్రిస్టియన్ నర్సులకి ఆ రోజు సెలవు ఇస్తారు, నువ్వే అడగట్లేదు

ఇది మా చుట్టాల స్పెషల్. మా డిపార్ట్‌మెంట్‌లో సగం మంది క్రిస్టియన్లమే, అందులో కేరళ వాళ్ళు కొందరు. అందరికీ ఇచ్చేస్తే పేషెంట్లని ఎవరు చూస్తారు? అందుకే ఒక ఏడు ఒకరు, ఇంకో ఏడు ఇంకొకరు. మిగతాదంతా మేం మేం సర్దుకుంటాం: రంజాన్‌కి మా ముస్లిం సిస్టర్ బదులు నేను ఉంటాను, క్రిస్మస్ ఈవ్‌కి నా బదులు ఆమె ఉంటుంది, సంక్రాంతికి ఊరెళ్ళే అమ్మాయి న్యూ ఇయర్ నైట్ తీసుకుంటుంది. రాసిచ్చి, ఇన్‌ఛార్జ్ సంతకం పెట్టించుకోవాలి, నోటి మాట మీద మార్చుకోకూడదు. బయట వినిపించే "పండుగ రోజు డబుల్ జీతం" అన్ని చోట్లా ఉండదు, చాలాసార్లు కాంప్ ఆఫ్‌తో, అంటే ఇంకో రోజు బదులు సెలవుతో, సరిపెడతారు.

మిగతావి త్వరగా.

"పండుగ కదా, ఇన్సూరెన్స్ అప్రూవల్ రాదు." ఎమర్జెన్సీలో ముందు వైద్యం, తర్వాత కాగితాలు. క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ జవాబు చెప్పాలని బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లోనే చెప్పింది. కార్డు, ఆధార్ ఫోన్లో పెట్టుకుని రండి చాలు.

"ఒక్క డయాలసిస్ మానేస్తే ఏం కాదు, పండుగ కదా." అవుతుంది. దయచేసి మానకండి. స్లాట్ మానేసి, బిర్యానీ తిని, పైన నీళ్ళు, కొబ్బరిబొండాం, కమలాపళ్ళు కానిచ్చి అర్ధరాత్రి ఊపిరాడక వచ్చేవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నీరు ఒంట్లో చేరుతుంది, పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. కుదరకపోతే ముందే యూనిట్‌కి ఫోన్ చేసి స్లాట్ మార్పించుకోండి.

"ఆరాధన అయ్యేదాకా ఏమీ తినను, షుగర్ బిళ్ళ మాత్రం వేసుకున్నా." ఇలా వేసుకునే చర్చిలో కళ్ళు తిరిగి పడిపోయేది. మీ డాక్టర్ని ముందు రోజే అడగండి.

"డ్యూటీలో ఉన్న నర్సులకి కేక్ ఇవ్వకూడదట." ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ వాళ్ళని ఒకసారి మా వార్డుకి పంపండి. తీసుకురండి, నర్సింగ్ స్టేషన్‌లో ఇవ్వండి, ఐసీయూ లోపలికి మాత్రం వద్దు, పక్క బెడ్ పేషెంట్‌కి మమ్మల్ని అడగకుండా పెట్టొద్దు. ఎగ్‌లెస్ అయితే మా టీమ్‌లో ఇంకో ఇద్దరు కూడా తింటారు.