యూనివర్సిటీ ఉద్యోగులకు మెంటరింగ్: అపోహలు - వాస్తవాలు

యూనివర్సిటీల్లో పనిచేసే మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల ఉద్యోగులు, దివ్యాంగులు పై బాధ్యతల్లోకి వెళ్లేలా సిద్ధం చేయడం, వాళ్లకు తగిన మెంటర్‌ను, అంటే దారి చూపే సీనియర్‌ను కుదర్చడం నా పని. పాఠాలు చెప్పేవాళ్లతోనూ, సెక్షన్లలో ఫైళ్లు నడిపేవాళ్లతోనూ కూర్చుంటాను. ఏ క్యాంపస్‌కి వెళ్లినా దాదాపు అవే మాటలు వినిపిస్తాయి. కొన్ని వీసీ చాంబర్‌లో, కొన్ని క్యాంటీన్‌లో. వాటిని నమ్మి తీసుకునే నిర్ణయాల వల్ల పని తెలిసిన మనుషులు ఏళ్ల తరబడి ఒకే చోట ఉండిపోతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "రిజర్వేషన్‌లో ఉద్యోగం వచ్చింది కదా, మళ్లీ ఈ మెంటరింగ్ దేనికి?"

రిజర్వేషన్ ఉద్యోగం ఇస్తుంది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ల సర్వీసు ఎలా నడుస్తుందన్నది వేరే సంగతి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవాళ్లలో చాలామంది అసోసియేట్, ప్రొఫెసర్ అయ్యేది కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ ద్వారా. అందరం సీఏఎస్ అంటాం. అది వ్యక్తిగత పదోన్నతి, అందులో రిజర్వేషన్ ఉండదు. ఏ కోర్సు ఎప్పుడు చేయాలి, ఏ జర్నల్‌కు పేపర్ పంపాలి, ఏ కాగితం దాచుకోవాలి అన్నవి ముందే చెప్పే సీనియర్ ఉన్నవాళ్లకు, ఎవరూ లేనివాళ్లకు మధ్య తేడా ఇక్కడే మొదలవుతుంది.

ఆ సీనియర్ చాలామందికి ఎందుకు లేరో రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ వర్గానికో వరుసగా చెప్పే పట్టిక చూస్తే అర్థమవుతుంది. 2017లో అలహాబాద్ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఆధారంగా 2018లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ), రిజర్వేషన్‌కు డిపార్ట్‌మెంట్‌నే యూనిట్‌గా లెక్కించాలని చెప్పింది. '13 పాయింట్ల రోస్టర్'గా పేరుపడిన ఆ లెక్కలో 4వ పోస్టు ఓబీసీకి, 7వది ఎస్సీకి, 14వది ఎస్టీకి. ఆరుగురున్న డిపార్ట్‌మెంట్‌లో ఎస్సీకి, పదముగ్గురున్న డిపార్ట్‌మెంట్‌లో ఎస్టీకి వంతే రాదు. దేశమంతా ఆందోళనలు జరిగాయి. 2019లో పార్లమెంటు చట్టం చేసి, కేంద్ర విద్యాసంస్థల్లో మొత్తం సంస్థనే యూనిట్‌గా తీసుకోవాలని తేల్చింది. మంచి పని జరిగింది. అయినా ఆ చట్టం యూనివర్సిటీ మొత్తంలో సంఖ్యకు పూచీ ఇస్తుంది గానీ, మీ డిపార్ట్‌మెంట్‌లో మీ కష్టం తెలిసిన సీనియర్ ఒకరుంటారని పూచీ ఇవ్వదు. చిన్న డిపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ చాలామంది తమ వర్గం నుంచి ఒంటరిగానే ఉన్నారు.

అపోహ: "వాళ్లకు ఆత్మవిశ్వాసం తక్కువ. అందుకే ముందుకు రారు."

నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. ఊళ్లో మొదటిసారి పీహెచ్‌డీ చేసినవాళ్లను, ఇద్దరు పిల్లల్ని పెంచుతూ థీసిస్ రాసినవాళ్లను పట్టుకుని ఆత్మవిశ్వాసం లేదంటారు. వాళ్లకు అందనిది సమాచారం.

ఒక మహిళా అధ్యాపకురాలి విషయం చెబుతాను. ఆమె సీఏఎస్‌కు అప్లై చేయకుండా ఆగిపోయారు. ప్రసూతి సెలవు, ఆపై చైల్డ్ కేర్ లీవ్ తీసుకున్నారు. ఆ కాలానికి క్లాసుల లెక్క, కార్యక్రమాల లెక్క చూపించలేనని, అప్లికేషన్ తిప్పి పంపుతారని ఆమె భయం. ఆఫీసులో అడిగితే "చూద్దాం మేడమ్, కష్టమే" అన్నారట. ఆమెకు కుదిర్చిన మెంటర్ వేరే ఫ్యాకల్టీకి చెందిన ప్రొఫెసర్. ఆయన మొదటి సమావేశానికే 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రింటవుట్ తెచ్చి, ఒక పేరా కింద గీత గీసి ఆమె ముందు పెట్టారు. ప్రసూతి సెలవు, చైల్డ్ కేర్ లీవ్, స్టడీ లీవ్ వంటి కాలాన్ని మదింపు నుంచి తీసేయాలి, మిగిలిన కాలంలో చేసిన పనినే మొత్తం కాలానికి వర్తింపజేయాలి, సెలవు వల్ల పదోన్నతిలో నష్టం జరగకూడదు అని అందులో ఉంది. ఇద్దరూ కలిసి ఆ పేరానే ఉటంకిస్తూ కవరింగ్ లెటర్ రాశారు.

ఇలాంటివే ఇంకొన్ని. అర్హత వచ్చే తేదీకి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు ఇవ్వొచ్చు. అర్హత వచ్చిన వెంటనే అప్లై చేసి నెగ్గితే పదోన్నతి ఆ అర్హత తేదీ నుంచే వర్తిస్తుంది. మొదటిసారి కాకపోతే మళ్లీ మదింపు ఏడాది తర్వాతే. అభ్యర్థుల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళ, దివ్యాంగులు ఎవరైనా ఉండి, సెలక్షన్ కమిటీలో ఆ వర్గాలవాళ్లు ఒక్కరూ లేకపోతే, వీసీ ఆ వర్గానికి చెందిన ఒక విద్యావేత్తను నామినేట్ చేయాలి. ఇవన్నీ బహిరంగంగా ఉన్న నిబంధనలే. తండ్రో మామో ప్రొఫెసర్ అయినవాళ్లకు ఇవి ఇంట్లో భోజనాల దగ్గర తెలుస్తాయి. మిగతావాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

అపోహ: "మెంటర్ అంటే పైరవీ చేసే పెద్దమనిషి."

ఇది ఉద్యోగుల వైపు నుంచి వచ్చే అపోహ. మెంటర్‌ను కుదర్చగానే "సార్‌కి వీసీ దగ్గర మాట చెల్లుతుందా?" అని అడిగేవాళ్లున్నారు. అడగడంలో తప్పేం లేదు, వాళ్లు చూసిన ప్రపంచం అదే.

పైరవీ తలుపు మూసి జరుగుతుంది, అర్హత లేనిచోట కూడా పని చేయిస్తుంది. మెంటర్ పని మీ అర్హత కాగితం మీద కనబడేలా చేయడం. వీటికి తోడు మూడో సంగతి ఒకటుంది. పరీక్షల విభాగానికి కోఆర్డినేటర్ కావాలని సమావేశంలో చర్చ జరుగుతున్నప్పుడు "ఫలానా మేడమ్ రెండేళ్లుగా మూల్యాంకన శిబిరం నడుపుతున్నారు, ఆవిడ పేరు పరిశీలించండి" అని నలుగురి ముందు చెప్పే మనిషి. చేసిన పని ఆధారంగా, మినిట్స్‌లోకి ఎక్కేలా చెప్పే మాట అది. దాన్ని పైరవీ అనలేం. పెద్ద పదవుల్లో ఉన్న చాలామంది వెనక ఎప్పుడో ఒకప్పుడు ఇలా పేరెత్తిన ఒకరు ఉన్నారు. మా పనిలో మెంటర్లకు ఇచ్చే శిక్షణలో ఎక్కువ సమయం దీనికే కేటాయిస్తాను.

అపోహ: "ట్రైనింగ్‌కి పంపించాం, సర్టిఫికెట్ వచ్చింది. ఇంకేం కావాలి?"

శిక్షణ కార్యక్రమాలకు మన దేశంలో కొదవ లేదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. అవే తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు (హెచ్‌ఆర్‌డీసీలు) అయ్యాయి, ఇప్పుడు మాలవీయ మిషన్ పేరుతో నడుస్తున్నాయి. ఉన్నత విద్యలో మహిళా మేనేజర్ల కోసం యూజీసీ ప్రత్యేకంగా ఒక పథకాన్నే నడిపింది. వెళ్లొచ్చినవాళ్లు చాలా నేర్చుకుని వస్తారు. వచ్చాక వాళ్లకు ఏ పని అప్పగిస్తున్నారన్నదే నా ప్రశ్న.

ఏ యూనివర్సిటీలోనైనా కమిటీల జాబితా ముందు పెట్టుకుని చూడండి. మహిళలు ఎక్కడున్నారు? ఉమెన్స్ సెల్, లేడీస్ హాస్టల్ వార్డెన్, సాంస్కృతిక కార్యక్రమాలు, స్నాతకోత్సవం రోజు స్వాగత కమిటీ. ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు ఎక్కడున్నారు? ఎస్సీ ఎస్టీ సెల్, లైజన్ ఆఫీసర్, జయంతి ఉత్సవాల కమిటీ. ఫైనాన్స్ కమిటీ, బిల్డింగ్ కమిటీ, కొనుగోళ్ల కమిటీ, అడ్మిషన్ల డైరెక్టరేట్, పరీక్షల నియంత్రణ, పాలక మండలి దగ్గరకొచ్చేసరికి అవే పేర్లు మళ్లీ మళ్లీ.

మొదటి రకం పనులు చిన్నవని నేను అనను. రాత్రి పదకొండుకి హాస్టల్ నుంచి ఫోన్ వస్తే పరుగెత్తేది ఆ వార్డెనే. కానీ డీన్, రిజిస్ట్రార్ ఎంపిక సమయానికి "ఆర్థిక వ్యవహారాల్లో అనుభవం ఉందా?" అని అడుగుతారు. బడ్జెట్ ముసాయిదా చూడనివ్వకుండా, టెండర్ ఫైల్ మీద సంతకం పెట్టనివ్వకుండా ఆ అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? ఈత పుస్తకం చదివించి, చెరువు దగ్గరికి రానివ్వనట్టు ఉంటుంది ఈ వరస.

అందుకని ఏ యూనివర్సిటీ పిలిచినా నేను మొదట అడిగేది ఒకటే. శిక్షణలో ఉన్న ప్రతి ఒక్కరికీ డబ్బు, పరీక్షలు, నియామకాలు, భవనాలు వీటిలో ఏదో ఒకదానికి సంబంధించిన నిజమైన బాధ్యత ఏడాదిపాటు ఇవ్వండి. పూర్తి కుర్చీ అక్కర్లేదు, డిప్యూటీగా పెట్టండి. సెలవు మీద వెళ్లిన అధికారి స్థానంలో ఇన్‌ఛార్జ్‌గా వేయండి. తప్పు జరిగితే పక్కన మెంటర్ ఉంటారు. దీనికి ఒప్పుకోని చోట కార్యక్రమం పెట్టినా పెద్ద ఫలితం ఉండదని మొహమాటం లేకుండా చెబుతాను.

అపోహ: "మెంటర్ మన కులంవాళ్లో, మహిళకైతే మహిళో అయి ఉండాలి."

అలా ఉంటే కొన్ని విషయాలు వివరించకుండానే అర్థమవుతాయి, అది నిజం. కానీ లెక్క సరిపోదు. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలోని 15.51 లక్షల అధ్యాపకుల్లో 42.9 శాతం మహిళలు. ప్రొఫెసర్ హోదాకు వచ్చేసరికి ఆ వాటా బాగా పడిపోతుంది. ఉన్న ఆ కొద్దిమంది సీనియర్ల మీదే అందరి భారం వేస్తే వాళ్ల పరిశోధన, వాళ్ల ఆరోగ్యం ఏమవ్వాలి? పైగా వ్యవస్థను మార్చే బాధ్యత అధికారం ఉన్నవాళ్ల నుంచి జారిపోతుంది.

నేను ఇద్దరిని కుదురుస్తాను. ఒకరు వ్యవస్థ లోతుపాతులు తెలిసినవారు, ఏ వర్గంవారైనా సరే. ఇంకొకరు అదే దారిలో నడిచి వచ్చినవారు, వేరే యూనివర్సిటీలో ఉన్నా ఫోన్లో మాట్లాడతారు. ఒక్క నియమం మాత్రం సడలించను: సొంత హెచ్‌ఓడీ, రహస్య నివేదిక రాసే అధికారి మెంటర్‌గా ఉండకూడదు. సీఆర్ రాసే మనిషి ముందు ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

అపోహ: "నాన్ టీచింగ్‌కి లీడర్‌షిప్ ఏమిటి?"

మన యూనివర్సిటీల్లో మెంటరింగ్ అనగానే అధ్యాపకులనే తలుస్తారు. జూనియర్ అసిస్టెంట్, సీనియర్ అసిస్టెంట్, సూపరింటెండెంట్ వరుసలో పైకి వస్తున్నవాళ్లు ఎవరికీ గుర్తుకు రారు. భర్త చనిపోతే కారుణ్య నియామకం కింద చేరిన మహిళలు ఈ వరుసలో కనిపిస్తారు. దుఃఖంలో ఉండగానే ఉద్యోగం, తెలియని ఆఫీసు, ఆపై డిపార్ట్‌మెంటల్ టెస్టుల టెన్షన్.

అలా చేరిన ఒకామెకు రిటైర్మెంట్‌కు దగ్గరపడిన సూపరింటెండెంట్‌ను మెంటర్‌గా పెట్టాం. ఆయన లీడర్‌షిప్ అన్న మాటే ఎత్తలేదు. నోట్ ఫైల్ రాయడం నేర్పారు. "ముందు విషయం రెండు లైన్లలో రాయమ్మా. తర్వాత ఏ రూల్ వర్తిస్తుందో నంబరుతో సహా. గతంలో ఇలాంటి కేసులో ఏం చేశారో పాత ఫైల్ తీసి పేజీ నంబరు వెయ్యి. చివర్లో నీ ప్రతిపాదన. 'తగు ఆదేశాల కోసం' అని రాసి వదిలేయకు, ఏం చేస్తే బాగుంటుందో నువ్వే చెప్పు." ఆ చివరి మాట ఆమెకు పట్టుబడటానికి నెలలు పట్టింది. ప్రతిపాదన రాయడమంటే ఒక నిర్ణయానికి పేరు పెట్టి బాధ్యత తీసుకోవడం. డిప్యూటీ రిజిస్ట్రార్ రేపు చేసేదీ అదే.

యూజీసీ నిబంధనల ప్రకారం రిజిస్ట్రార్ పదవికి పరిపాలన విభాగం నుంచి వచ్చినవాళ్లూ అర్హులే. పదిహేనేళ్ల పరిపాలనా అనుభవం, అందులో ఎనిమిదేళ్లు డిప్యూటీ రిజిస్ట్రార్‌గానో దానికి సమానమైన హోదాలోనో ఉండాలి. ఆచారంగా ప్రొఫెసర్లకే ఆ బాధ్యత అప్పగించడం వల్ల సెక్షన్లలో చాలామందికి ఈ దారి ఉందనే తెలియదు.

అపోహ: "ఒకరు వీసీ అయ్యారు కదా, మిగతావాళ్లూ అవ్వొచ్చు."

హంసా మెహతా 1949లోనే బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ వీసీ అయ్యారు. ఒరావ్ తెగకు చెందిన కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ సోనాఝరియా మింజ్ 2020లో దుమ్కాలోని సిదో కాన్హూ ముర్ము యూనివర్సిటీ వీసీ అయ్యారు. ఇద్దరూ గర్వకారణమే. కానీ ఈ రెండు తేదీల మధ్య డెబ్బై ఏళ్లున్నాయి.

అపోహ: "మెంటరింగ్ పెడితే అంతా సర్దుకుంటుంది."

నా వృత్తిలో ఉన్నవాళ్లే ఈ మాట ఎక్కువగా చెబుతారు, నేను ఒప్పుకోను. ఖాళీలు భర్తీ కాకపోతే, కాంట్రాక్టు మీద ఏళ్లకేళ్లు పనిచేసేవాళ్లకు క్రమబద్ధీకరణ జరగకపోతే, ఏ మెంటరూ ఆ లోటు తీర్చలేరు. కాంట్రాక్టు అధ్యాపకురాలికి నాయకత్వ పాఠాలు చెప్పేముందు ఆమె జీతం నెలనెలా వస్తోందో లేదో అడగాలి.

ఉన్నత విద్యలో స్త్రీ పురుష సమానత్వం కోసం బ్రిటన్‌లో 2005లో మొదలైన అథీనా స్వాన్ చార్టర్‌లో నాకు నచ్చింది ఇదే. అక్కడ లెక్క అడిగేది సంస్థను. ఎవరిని తీసుకున్నారు, ఎవరికి పదోన్నతి ఇచ్చారు, ఎవరు వదిలి వెళ్లారు అన్న అంకెలు పెట్టి, ఏం మార్చబోతున్నారో రాసి ఇవ్వాలి. మన శాస్త్ర సాంకేతిక శాఖ కూడా దాని తరహాలో గతి అనే కార్యక్రమాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఏ యూనివర్సిటీ అయినా ఎవరి అనుమతీ లేకుండా రేపే చేయగలిగింది ఒకటుంది. గత మూడేళ్ల కమిటీ ఉత్తర్వులన్నీ తీసి, ఏ కమిటీలో ఏ వర్గంవాళ్లు ఎందరున్నారో, ఇన్‌ఛార్జ్ బాధ్యతలు ఎవరికి ఎన్నిసార్లు ఇచ్చారో ఒక పట్టిక వేయడం. ఆ ఉత్తర్వులన్నీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ బీరువాలోనే ఉంటాయి. ఇద్దరు కూర్చుంటే వారం పని.