డబ్బాలో పదమూడేళ్లు

నాయనా, అమ్మణ్ణీ,

దసరా సెలవుల్లో వచ్చినప్పుడు ఒకటి అడిగారు మీరు. "తాతా, ఈ బీటిల్స్ కచేరీ 1964లో జరిగిందంటారు, ఆల్బమ్ మాత్రం 1977లో వచ్చిందంటారు. ఏది అబద్ధం?" బస్సుకు టైమైపోయి చెప్పలేకపోయాను. రెండూ నిజమే.

బీటిల్స్ అంటే ఇంగ్లండులో లివర్‌పూల్ కుర్రాళ్లు నలుగురి పాటల బృందం. అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లో, హాలీవుడ్ బౌల్ అని కొండవాలున ఆరుబయలు రంగస్థలం ఉంది. మన మహతి ఆడిటోరియంలా నాలుగు గోడల మధ్య కాదు. 1964 ఆగస్టు 23న, మళ్లీ 1965 ఆగస్టు 29, 30 తేదీల్లో అక్కడ పాడారు. రికార్డు కంపెనీ వాళ్లు టేపు పెట్టారు. అందులో పాట కన్నా ఎక్కువ పడింది ఆడపిల్లల కేకలు! ఇప్పుడైతే పాడేవాళ్ల గొంతు వాళ్లకు వినపడేలా కాళ్ల దగ్గర స్పీకర్లు పెడతారు. వాళ్లకు అదీ లేదు. తమ పాట తమకే సరిగా వినపడకుండా, తాళం తప్పకుండా నెట్టుకొచ్చారు. నన్నడిగితే అసలు గొప్ప అదే.

ఆ టేపుకు ఉన్నవి మూడే ట్రాకులు, అంటే శబ్దాన్ని విడివిడిగా పట్టే వరుసలు మూడే. ప్రతి మైకులోనూ కేకలు దూరాయి. పులుసులో కలిసిన ఉప్పు మళ్లీ వేరు చేయగలమా? విన్నారు, నచ్చలేదు, పక్కన పెట్టేశారు. 1970 నాటికి బృందమే విడిపోయింది.

తర్వాత ఆ టేపులు వాళ్ల పాటలు రికార్డు చేయించిన జార్జ్ మార్టిన్ చేతికొచ్చాయి. మూడు ట్రాకుల టేపు నడిపే పాత మిషన్ దొరకడమే కష్టమైంది. దొరికిందేమో ఊరికే వేడెక్కిపోయేది. వాక్యూమ్ క్లీనర్లతో చల్లగాలి కొట్టిస్తూ కొత్త టేపు మీదికి ఎక్కించారట! అలా 1977లో ఆల్బమ్ వచ్చింది. 2016లో ఆయన కొడుకు జైల్స్ మార్టిన్ మళ్లీ పని పెట్టుకున్నాడు. ఈసారి కంప్యూటరుతో పాటనూ కేకలనూ చాలావరకు విడదీయగలిగారు. అయినా కేకల్ని పూర్తిగా తీసేయలేదు.

మన తిరుమల కొండమీద కూడా ఇలాంటిదే ఒకటి జరిగింది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి గుడిలోని భండారంలో దాచారు. 1922 ప్రాంతంలో గానీ అవి బయటపడలేదు. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది. ఆయన ఎలా పాడాడో, విన్నవాళ్లు ఏమన్నారో లేదు. ఇప్పుడు మనం వినే వరుసలు చాలావరకు ఈ కాలం వాళ్లు కట్టినవే.

అందుకే నా క్యాసెట్ సంగతి చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పంబ వాద్యం మోత రికార్డు చేద్దామని టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని పోయాను. ఇంటికొచ్చి వింటే పంబ ఎక్కడో దూరంగా ఉంది. పక్కనే ఒక బొరుగులాయన "బొరుగులో!" అని అరుపు. ఒళ్లు మండి క్యాసెట్ ట్రంకుపెట్టెలో పారేశాను. నిరుడు దులిపి పెట్టి విన్నాను. పంబను వదిలేసి, ఆయన అరుపు కోసమే మూడుసార్లు వెనక్కి తిప్పాను.

నాలుగోసారికి టేపు మిషన్‌లో చుట్టుకుపోయింది. పెన్సిలు పెట్టి సరిచేశాను గానీ ప్లేయర్ బెల్టు తెగింది. అమ్మణ్ణీ, ఫోన్‌లోకి ఎక్కించే వైరేదో ఉందంటివే, సంక్రాంతికి వచ్చేటప్పుడు మరిచిపోకుండా తీసుకురా. బెల్టు సంగతి నేను చూసుకుంటాను.

మీ తాత,
తిరుపతి