సూర్యచంద్రుల ముందు స్పేస్ స్టేషన్: ట్రాన్సిట్ లెక్కల మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: సాఫ్ట్‌వేర్ పదిహేను రోజుల తర్వాతి ట్రాన్సిట్‌ను (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సూర్యుడి లేదా చంద్రుడి ముందు నుంచి దాటడాన్ని) సెకనుతో సహా చూపించింది, ఇక ఖాయం.

వాస్తవం: ఆ సెకను ఇవాళ్టి కక్ష్యకే చెల్లుతుంది. ట్రాన్సిట్ ఫైండర్ వెబ్‌సైట్ అయినా, స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్ అయినా లెక్క కట్టేది టీఎల్ఈ అనే రెండు వరుసల కక్ష్యా వివరాలతోనే. 400 కి.మీ. ఎత్తులోనూ పల్చటి గాలి ఉంటుంది, అది స్టేషన్‌ని కిందికి లాగుతూనే ఉంటుంది. సూర్యుడు చురుగ్గా ఉన్న రోజుల్లో ఇంకాస్త గట్టిగా లాగుతుంది. మధ్యలో ఇంజన్లు వెలిగించి కక్ష్య పెంచితే పాత లెక్కలన్నీ వృథా. అందుకే వారం ముందు తేదీ మాత్రమే రాసుకోండి. రెండు రోజుల ముందు ఏ ఊరి వైపు వెళ్లాలో తేల్చుకోండి. కచ్చితంగా ఎక్కడ నిలబడాలో బయల్దేరే రోజు పొద్దున సెలెస్‌ట్రాక్ వెబ్‌సైట్ నుంచి తాజా టీఎల్ఈ తెచ్చుకున్నాకే.

అపోహ: పది సెకన్లు తేడా వస్తే ఏముంది, కెమెరా ముందే ఆన్ చేసి ఉంచితే సరి.

వాస్తవం: ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. స్టేషన్ ఆలస్యమైతే ఆలోగా భూమి కొంత తిరిగిపోతుంది. హైదరాబాద్ దగ్గర నేల సెకనుకు సుమారు 440 మీటర్లు తూర్పుకి కదులుతుంది. స్టేషన్ దారి ఏటవాలు కాబట్టి నేల మీద ట్రాన్సిట్ కనిపించే పట్టీ సెకనుకు దాదాపు 350 మీటర్లు పక్కకి జరుగుతుంది. ఆలస్యమైతే పడమరకి, ముందొస్తే తూర్పుకి. ట్రాన్సిట్ నడినెత్తి దగ్గర జరిగితే ఆ పట్టీ వెడల్పు 4 కి.మీ. లోపే. అంటే సరిగ్గా మధ్య గీత మీద నిలబడినా ఆరు సెకన్ల తేడాతో మీరు పట్టీ బయట ఉంటారు. టైములో వచ్చిన తప్పు చోటులో తప్పుగా మారుతుందన్నమాట.

అపోహ: మధ్య గీత మీదే నిలబడాలి.

వాస్తవం: అక్కర్లేదు. గీతకి కిలోమీటరు దూరంలో ఉన్నా గీత మీద దొరికే ట్రాన్సిట్ సమయంలో దాదాపు 87 శాతం దక్కుతుంది. ఫ్లైఓవర్ కింద, ట్రాఫిక్ మధ్య ట్రైపాడ్ పెట్టి కుస్తీ పట్టేకంటే పక్కన ఖాళీ స్థలం చూసుకోండి. అంచుకి మాత్రం వెళ్లొద్దు, కొంచెం లెక్క తప్పినా చేతికి ఏమీ రాదు.

అపోహ: అక్షాంశం, రేఖాంశం ఇస్తే చాలు.

వాస్తవం: ఎత్తు కూడా ఇవ్వాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల పైన ఉంది. ఎత్తు సున్నా అని వదిలేస్తే, సూర్యుడు దిగంతానికి 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు అసలు పట్టీ లెక్కకంటే 900 మీటర్లకి పైగా సూర్యుడి వైపుకి జరిగి ఉంటుంది. విశాఖ బీచ్‌లో అయితే ఈ బాధ లేదు.

అపోహ: సూర్యుడు కిందికి ఉన్నప్పుడైతే ట్రాన్సిట్ ఎక్కువసేపు ఉంటుంది, అదే మేలు.

వాస్తవం: ఎక్కువసేపు ఉండేది నిజమే, మేలు కాదు. నడినెత్తిన అర సెకనుకి కాస్త పైన ముగుస్తుంది, కానీ స్టేషన్ 50 ఆర్క్ సెకన్లకి పైగా (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), అంటే సూర్యబింబంలో సుమారు 35వ వంతు కనిపిస్తుంది. సూర్యుడు 20 డిగ్రీల దగ్గరుంటే స్టేషన్ వెయ్యి కి.మీ. దూరాన ఉంటుంది, పరిమాణం సగం కూడా ఉండదు. పైగా వేడి గాలి అలలు. సోలార్ ప్యానెళ్లు విడివిడిగా కనిపించాలంటే 50 డిగ్రీల పైనున్న ట్రాన్సిట్లే ఎంచుకోండి.

అపోహ: రాత్రి కనిపించే పాస్‌ల (స్టేషన్ మన ఆకాశం మీదుగా వెళ్లే సందర్భాల) జాబితాలో లేకపోతే చంద్రుడి ముందు ట్రాన్సిట్ ఉండదు.

వాస్తవం: ఆ జాబితాలో ఉండేవి స్టేషన్ మీద ఎండ పడే పాస్‌లే. భూమి నీడలో ఉన్నప్పుడు కూడా అది చంద్రుడి ముందు నల్లటి ఆకారంగా దాటుతుంది. ట్రాన్సిట్ల కోసం విడిగా వెతకాలి.

అపోహ: టైముకి షటర్ నొక్కితే దొరుకుతుంది.

వాస్తవం: స్టేషన్ నడినెత్తిన సెకనుకు సుమారు ఒక డిగ్రీ కదులుతుంది. 1/1000 సెకను ఎక్స్‌పోజర్‌కే దాదాపు 4 ఆర్క్ సెకన్ల మసక వస్తుంది, 1/2000కి 2. సూర్యుడికి 1/2000 లేదా అంతకంటే వేగం పెట్టండి. సూర్యుడి మచ్చ మీదో అంచు మీదో ఫోకస్ చేసి, రెండు నిమిషాల ముందు మళ్లీ చూసుకోండి, ఎండకి టెలిస్కోప్ ట్యూబ్ వేడెక్కి ఫోకస్ జరుగుతుంది. బరస్ట్‌తో (వరుసగా ఫోటోలు తీసే పద్ధతితో) పనయితే ఒక సెకను ముందు మొదలుపెట్టండి. తొందరపడితే బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నిండి, స్టేషన్ దాటేవేళకి కెమెరా మొరాయిస్తుంది. వీడియో సురక్షితం: సెకనుకు 30 ఫ్రేములైనా 15 చిత్రాలు దొరుకుతాయి. ఒకే సూర్యుడి మీద వరుసగా పది స్టేషన్లు కనిపించే ఫోటోలు ఇలా విడి ఫ్రేములు కలిపినవే.

అపోహ: అర సెకనే కదా, ఫిల్టర్ ఎందుకు?

వాస్తవం: గురిపెట్టడానికి, ఫోకస్‌కి పావుగంట సూర్యుడి వైపే ఉంటారు. ఫిల్టర్ లెన్స్‌కి ముందు భాగాన, గాలికి ఊడకుండా టేప్ వేసి ఉండాలి. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) దగ్గర బిగించే చిన్న ఫిల్టర్లు వేడికి పగులుతాయి. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని టెలిస్కోప్‌లోకి చూడటం అసలే వద్దు.

అపోహ: ఏ ఉపగ్రహమైనా ఇలాగే కనిపిస్తుంది.

వాస్తవం: హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ పొడవు 13 మీటర్లే, మంచి గాలిలో 5 ఆర్క్ సెకన్ల చుక్క. మార్చి, అక్టోబరుల్లో డిష్ టీవీ సిగ్నల్ కాసేపు పోయేది సూర్యుడు భూస్థిర ఉపగ్రహం వెనకాలకి వచ్చినందుకే, కానీ 36 వేల కి.మీ. దూరంలోని ఆ ఉపగ్రహం మన టెలిస్కోపులకి అందదు.

వీడియోలో ఏమీ దొరక్కపోతే వెంటనే చెరిపేయకండి. మర్నాడు, ట్రాన్సిట్ టైముకి దగ్గరగా ఉన్న టీఎల్ఈతో లెక్క మళ్లీ వేయండి. మీరు నిలబడ్డ చోటు పట్టీలోనే ఉందని వస్తే వీడియోని కొత్త టైము దగ్గర ఒక్కో ఫ్రేమూ ఆపి చూడండి. పట్టీ బయట ఉందని వస్తే వెతకడం మానేయొచ్చు.